బోణీ ఫోటో

పోలీసు ఉద్యోగం చేసి దిగిపోయినవాడు జ్ఞాపకాలు రాస్తే అందులో ఒక గజదొంగైనా ఉండాలని చదివేవాళ్లు ఆశిస్తారు. నన్ను క్షమించాలి. రికార్డుల ప్రకారం నా సర్వీసు మొత్తంలో మేము చూసిన అత్యంత అనుమానాస్పద వ్యక్తి ఒక చాయ్ అమ్మే ముసలాయన, మేమంతా చాచా అని పిలిచే మనిషి. మంచి చాయ్. అల్లం కాస్త ఎక్కువ వేస్తాడు. అది తప్ప ఆయన మీద నాకు వేరే ఫిర్యాదు లేదు.

నాది వనపర్తి. డిగ్రీలో చరిత్ర చదివాను. చరిత్ర చదివినవాడికి పోలీసు శాఖలో ఒక సౌకర్యం ఉంది: ఏ ఉత్తర్వు వచ్చినా ఇలాంటిది ఇంతకుముందే ఎవరో ఒక రాజు ఇచ్చి ఉంటాడులే అనుకుని నిద్రపోవచ్చు. గద్వాలలో కానిస్టేబుల్‌గా చేరి, అక్కడా ఇక్కడా తిరిగి, చివరి రోజుల్లో ఏఎస్సైగా నాగర్‌కర్నూలు జిల్లాలో తేలాను. స్టేషన్ పేరు చెప్పను. లింగాల వైపు పోయే రోడ్డు మీద మాకొక చెక్‌పోస్టు ఉండేదని మాత్రం చెబుతాను. చెక్‌పోస్టంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు బారికేడ్లు, మేము కొందరం, పక్కన చాచా చాయ్ డబ్బా. వీటిలో రోజూ వేళకు తెరుచుకునేది డబ్బా ఒక్కటే.

ఒకనాడు పైనుంచి ఒక ఉత్తర్వూ, దాని వెంట ఒక కొత్త ఫోనూ వచ్చాయి. రోడ్డు మీద అనుమానం కలిగించిన ప్రతి మనిషినీ ఆపాలి. ముఖం ఫోటో తీయాలి. పేరూ, ఊరూ, బండి నంబరూ ఫోన్‌లో ఎక్కించాలి. రోజుకు ఇంతమంది అని ఒక లెక్క. ఆ రోజు ఎవరి మీదా అనుమానం రాకపోతే ఏం చెయ్యాలో ఉత్తర్వులో లేదు. అనుమానానికి కోటా పెట్టిన మొదటివాళ్లం మేమేనని నేననుకోను. చరిత్ర చదివానని ముందే చెప్పాను.

ఫోన్‌లో 'కారణం' అని ఒక గడి ఉండేది. అందులో మన ఇష్టం వచ్చింది రాయడానికి వీల్లేదు, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి. అనుమానాస్పదంగా నిలబడుట. పోలీసులను చూసి తత్తరపడుట. గుసగుసలాడుట. 'ఊరికే' అన్న కారణం మాత్రం అందులో లేదు. మేము ఆపిన ప్రతి మనిషికీ అసలు కారణం అదే.

ఆ రోడ్డు మీద ఎవరు తిరుగుతారు? పల్లికాయ బస్తాల ఆటోలు, పాలక్యాన్ల బండ్లు, తెలకపల్లిలో బేరానికి పోయేవాళ్లు, దవాఖానకు పోయేవాళ్లు, పెళ్లిచూపులకు పోయేవాళ్లు. పెళ్లిచూపుల వాళ్ల ముఖాల్లో మాత్రం నిజంగానే ఏదో అనుమానం కనిపించేది.

ఆ పనిలో మాకు పెద్ద దిక్కు గద్వాల నుంచి వచ్చిన ఒక కానిస్టేబుల్. బండి పూర్తిగా ఆగకముందే తాళంచెవి లాగెయ్యడంలో ఆయనది మెరుపు చెయ్యి. అది ఏ చట్టం కింద లాగుతున్నాడో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. రిటైరయ్యాక తీరిగ్గా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

ఒకనాడు కాలేజీ లెక్చరర్ ఒకాయనను ఆపాం. కానిస్టేబుల్ ఫోన్ ఎత్తేసరికి ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"లైసెన్సు ఇగో. ఇన్సూరెన్సు ఇగో. మొఖం ఎందుకు?"

"చెకింగ్ సార్."

"ఏ సెక్షన్ కింద?"

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను మా ఎస్సై వైపు చూశాను. ఎస్సై ఇంజనీరింగ్ చదివి వచ్చిన కుర్రాడు, తెలివైనవాడు. ఆయన రోడ్డు వైపు చూశాడు. రోడ్డు ఏమీ చెప్పలేదు.

"పోనీయ్," అన్నాడు ఎస్సై.

ఆయన వెనకాలే పల్లికాయ బస్తా మీద కూచుని వచ్చిన రైతు మాత్రం ఏమీ అడగలేదు. రుమాలు తీసి చంకలో పెట్టుకుని, "గిట్ల నిలవడాల్నా సార్, గట్లనా?" అన్నాడు. ఆయన ఫోన్‌లోకి ఎక్కాడు. అట్లా కొన్నాళ్లలో మా ఫోన్ నిండిపోయింది, మర్యాదస్తులతో. ఎదురు ప్రశ్న వేసినవాడి ఆనవాలు అందులో ఒక్కటీ లేదు.

ఈ మాట ఎస్సైతో అంటే, "తప్పు చెయ్యనోనికి భయమెందుకన్నా?" అన్నాడు. గొప్ప వాక్యం అది. నేనూ చాలాసార్లు వాడాను. అందులో ఉన్న సుఖమేమిటంటే, ఆ మాట అనేవాడి చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉంటుంది, వినేవాడి ముఖం ఎప్పుడూ ఎండకు ఉంటుంది.

ఇక బోణీ సంగతి.

కొత్త ఫోన్ వచ్చిన రోజు గద్వాల కానిస్టేబుల్ దానికి పూజ చేశాడు. కొబ్బరికాయ కొట్టాడు, నిమ్మకాయ తిప్పాడు, కుంకుమ బొట్టు పెట్టాడు. బొట్టు కెమెరా అద్దం మీద పడింది. ఆ రోజు అనుమానితులందరూ కాస్త ఎర్రగా వచ్చారు. పూజ అయిన వెంటనే ఆయనకు ఒక సందేహం వచ్చింది.

"అన్నా, మొదటి ఫోటో బోణి గద. చెయ్యి మంచిగున్నోనిది పడాలె."

ఆ చుట్టుపక్కల చెయ్యి మంచిదని పేరున్నవాడు చాచా. ఆటోవాళ్లు కూడా పొద్దున ఆయన చేతి చాయ్ తాగాకే మొదటి కిరాయి ఎక్కించుకుంటారు. కానిస్టేబుల్ పోయి అడిగాడు. చాచా భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, టోపీ సర్దుకుని, పొయ్యి పక్కన నిటారుగా నిలబడ్డాడు.

"తియ్యి బేటా. బర్కత్ కావాలె, మీ లెక్క నిండాలె."

కారణం: అనుమానాస్పదంగా నిలబడుట. ఆ రోజు లెక్క మధ్యాహ్నానికే నిండింది. మర్నాడు పరీక్ష కోసం వేరేవాడితో బోణీ చేస్తే వాన పడింది, ఫోన్ ఆగిపోయింది, బారికేడ్‌ను ట్రాక్టర్ గుద్దింది. ఇక సందేహం లేదు. అప్పటి నుంచి రోజూ మొదటి ఫోటో చాచాదే. సాయంత్రం లెక్క తగ్గితే ఆఖరిదీ ఆయనదే. ఒకటే కారణం పెడితే బాగుండదని కానిస్టేబుల్ మారుస్తూ ఉండేవాడు. పాలు పొంగి చాచా పరుగెత్తిన రోజు 'పోలీసులను చూసి తత్తరపడుట' అని పెట్టాడు. అక్కడ మేమూ ఉన్నాం, పాలూ ఉన్నాయి. ఫోన్‌లో పాలకు గడి లేదు.

ఆయన కాదనవచ్చు కదా అని మీరడగవచ్చు. ఆ డబ్బా ఉన్నది రోడ్డు పక్క సర్కారు జాగాలో. సర్కారు జాగాలో బతికేవాడు పోలీసుకు కాదని చెప్పగా నేను ఇంతవరకు వినలేదు. ఆయన నవ్వుతూ నిలబడ్డాడు కాబట్టి ఇష్టంగానే నిలబడ్డాడని మేము అనుకున్నాం. అట్లా అనుకోవడం మాకు వీలుగా ఉండింది.

పల్లి పంట ఇంటికి చేరే రోజుల్లో చాచా భార్య స్టేషన్‌కు వచ్చింది. అందరం చాచీ అనేవాళ్లం. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఆమె పాస్‌పోర్టు. ఇద్దరూ ఏండ్ల తరబడి కూడబెట్టుకుని, నాగర్‌కర్నూలు నుంచి బయలుదేరే బృందంతో ఉమ్రా యాత్రకు మక్కా పోవాలనుకున్నారు. వీసాకు పాస్‌పోర్టులు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది.

"సాబ్, నాదొచ్చింది. ఆయనది రాలె. ఇద్దరం ఒక్కనాడే ఏలిముద్ర లేసినం, ఒక్కనాడే ఫోటో దిగినం. పోలీసు రిపోర్టు ఖరాబున్నదంటున్నరు. ఆయన ఏం జేసిండు?"

"ఏదో పొరపాటుంటది చాచీ. చూస్తం," అన్నాను.

గద్వాల కానిస్టేబుల్ ఆమెను ఓదార్చాలనుకున్నాడు. "మరి టైం లేకుంటె ఈపాలి నువ్వు పోయిరా చాచీ. ఆయన మళ్లొస్తడు."

ఆమె ఆయన వైపు తిరిగింది. "నేనొక్కదాన్ని పోయి ఆడ అల్లాకు ఏం జెప్పాలె? మా ఇంటాయన ఠాణా కాయితాలల్ల ఉన్నడు, తర్వాత వస్తడనా?"

కానిస్టేబుల్ వెంటనే ఎవరో పిలిచినట్టు బయటికి పోయాడు.

పోతూ పోతూ ఆమె గుమ్మం దగ్గర ఆగింది. "సాబ్, ఇంకోటి. మా నికా నాడు ఫోటో దిగలె. తర్వాత దిగుదామంటె ఆయనకు డబ్బా ఇడిచి తీరలె. మీ ఫోన్ల ఆయనయి కుప్పలున్నయంట గద. మంచిదొకటి కాయితం మీద తీసియ్యుండ్రి."

రిపోర్టు తెప్పించి చదివాను. విచారణకు వచ్చిన అధికారి కంప్యూటర్‌లో పేరు కొట్టాడు. జిల్లాలో అత్యధికసార్లు అనుమానాస్పదంగా పట్టుబడిన వ్యక్తిగా చాచా మొదటి స్థానంలో ఉన్నాడు. రెండో స్థానంలో ఉన్నవాడు నిజంగానే దొంగ. పాపం, చాలా దూరంలో ఉన్నాడు. అధికారి కింద ఇలా రాశాడు: సదరు వ్యక్తి ప్రతిదినము పోలీసు తనిఖీ కేంద్రము సమీపముననే సంచరించుచు, పోలీసుల రాకపోకలను, డ్యూటీ మార్పులను గమనించుచున్నట్లు తెలియుచున్నది.

అందులో ఒక్క అబద్ధం లేదు. మా డ్యూటీలు మాకంటే చాచాకే బాగా తెలుసు. ఎవరు ఎప్పుడు దిగుతారో చూసి చాయ్ పెట్టేవాడు.

ఎస్సై సాయంత్రం దాకా హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ చేసి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"తీసెయ్యనీకి ఆప్షనే లేదంట అన్నా. ఎక్కియ్యనీకే ఉన్నదంట."

"ఊరికే తీసినమని రాసిద్దాం సార్."

"రాస్తె మనమందరం ఇంట్ల కూసోవాలె." ఆయన గొంతు తగ్గించాడు. "నాకు లగ్గం ఖాయమైంది. సస్పెండైన అల్లునికి పిల్లనెవరిస్తరు?"

అబద్ధమని రాస్తే మేము పోతాం, రాయకపోతే చాచా ప్రయాణం పోతుంది. దీనికి ఇంజనీరింగ్‌లోనూ లెక్క లేదు, చరిత్రలో మాత్రం జవాబు ఎప్పుడూ ఒకటే: పోయేది చాయ్ అమ్మేవాడిదే.

మర్నాడు పొద్దున చాచా ఎప్పటిలాగే ముఖం తుడుచుకుని, టోపీ సర్దుకుని పొయ్యి పక్కన నిలబడ్డాడు. సంగతి ఆయనకు తెలుసు. ఇంట్లో చాచీ చెప్పకుండా ఉంటుందా. కానిస్టేబుల్ ఫోన్ తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏంది బేటా, ఇయ్యాల బోణి లేదా? నా మొఖం పన్జేస్తలేదా?"

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసులు కడుక్కుంటూ కూచున్నాడు. ఆ నాలుగైదు రోజులూ మా లెక్క నిండలేదు. ఆయన చాయ్‌కు మాత్రం డబ్బులిచ్చి తాగాం, మొదటిసారి.

అప్పుడు డీఎస్పీ నుంచి ఎస్సైకి ఫోన్ వచ్చింది. కొత్తగా వచ్చిన డీఎస్పీ. జిల్లాలో మొదటి స్థానం తన పరిధిలో ఉందని పైనుంచి అడిగారట. "మఫ్టీల ఒక్కన్నే వస్త. ఎవరికి చెప్పకు. ఆ మనిషిని నా కండ్లతోని చూడాలె." ఎస్సై ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప.

డీఎస్పీ గళ్ల చొక్కా వేసుకుని సొంత కారులో వచ్చాడు. కారు దూరంగా ఆపి, నడిచి వచ్చి డబ్బా ముందు బెంచీ మీద కూచుని చాయ్ చెప్పాడు. నేను బారికేడ్ దగ్గర నుంచి వింటున్నాను. ఆయన జేబులోంచి ఒక ఫోటో తీసి చాచాకు చూపించాడు.

"ఈ మనిషి తెలుసా?"

చాచా అద్దాలు పెట్టుకుని చూశాడు. "తెల్వకేంది సాబ్, నేనే. ఈ ఫోటోల కండ్లు మూసుకపోయినయి. మంచియి మస్తుంటయి, అడిగి చూడుండ్రి."

డీఎస్పీ చాయ్ ఒక గుక్క తాగాడు. "ఈడ రోజు ఏం జేస్తుంటవ్?"

"చాయ్ పెడ్త."

"పోలీసోళ్లను కనిపెట్టి చూస్తుంటవంట?"

"చూడకుంటె ఎట్ల సాబ్? ఎవలకు చక్కెర తక్కువనో తెల్వాలె గద. ఆ ఎస్సై సాబ్‌కు అస్సలుకే వద్దు. లగ్గం ఉన్నది, సన్నగయితుండు." చాచా బిస్కట్ల సీసా ముందుకు జరిపాడు. "తినుండ్రి సాబ్. మీరు జర పరేషాన్ ఉన్నట్లున్నరు."

డీఎస్పీ బిస్కట్ తీసుకున్నాడు.

ఆ సమయంలో గద్వాల కానిస్టేబుల్ నా పక్కన ఉన్నాడు. ఆయన ఈ డీఎస్పీని ఎప్పుడూ చూడలేదు. అప్పుడు నేను ఆయనతో అన్న మాటలు యథాతథంగా రాస్తాను. ఎందుకంటే తర్వాత చాలామంది అడిగారు. "బోణి బందు పెట్టినప్పటి సంది లెక్క నిండుతలేదు గద," అన్నాను. అంతే. తియ్యమని నేను అనలేదు.

కానిస్టేబుల్ ముఖం వెలిగింది. నాలుగడుగులు వేసి ఫోన్ ఎత్తాడు. చాచా అలవాటు కొద్దీ టోపీ సర్దుకున్నాడు. పక్కన గళ్ల చొక్కా ఆయన బిస్కట్ చాయ్‌లో ముంచి, విరిగి పడకముందే నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు. ఫోన్ రెండు ముఖాలకూ రెండు చట్రాలు గీసింది. ఒకటి అనుమానితుడు. రెండోది, సహచరుడు. కారణం గడిలో కానిస్టేబుల్ న్యాయంగానే 'గుసగుసలాడుట' ఎంచుకున్నాడు.

క్షణంలో డీఎస్పీ జేబులో ఫోన్ మోగింది. మొదటి స్థానంలో ఉన్నవాళ్లు ఎక్కడ కనిపించినా ఆ పరిధి డీఎస్పీకి కబురు పోయే ఏర్పాటు ఉంది. ఆయన తీసి చూశాడు. 'మీ పరిధిలోని ప్రధాన అనుమానితుడు గుర్తు తెలియని సహచరునితో కనిపించాడు.' కింద ఫోటో. నోరు తెరిచి, బిస్కట్ గాలిలో పట్టుకుని, ఆయనే.

లేచి మా దగ్గరికి వచ్చాడు. కానిస్టేబుల్‌కు అప్పుడు విషయం తెలిసింది. సెల్యూట్ కొట్టిన చెయ్యి మళ్లీ దించడం మర్చిపోయాడు.

"ఏందయ్యా ఇది? తీసెయ్యి."

పరుగెత్తుకొచ్చిన ఎస్సై నిజాయితీగా చెప్పాడు. "తీసెయ్యనీకి ఆప్షన్ లేదు సార్. ఎక్కియ్యనీకే ఉన్నది."

డీఎస్పీ స్వయంగా హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ చేశాడు. "నేను డీఎస్పీని మాట్లాడుతున్న. పొరపాటున నా ఫోటో పడ్డది." అవతల కుర్రాడి మాట మాకూ వినిపించింది. "పట్టుబడ్డోళ్లందరు పొరపాటనే అంటరు సార్."

ఎస్సై బోణీ కథ మొదటి నుంచి చివరి దాకా డీఎస్పీకి చెప్పేశాడు, లగ్గం సంగతితో సహా. డీఎస్పీ అరిచి ఉంటే మాకు అలవాటే. ఆయన చాచా డబ్బా వైపు చూస్తూ, "అంటే ఆయన ఏం జెయ్యలె," అన్నాడు.

"చాయ్ చేసిండు సార్," అన్నాను.

"నేనేం జెయ్యాలె ఇప్పుడు?"

"మీ కోసం మీరు రాసుకుంటె చెల్లదు సార్. కానీ లిస్టుల సహచరుని పేరు అసలు మనిషి పేరును బట్టే ఉంటది. మా మాటకు ఆప్షన్ లేదు గని, ఆయన మంచోడని డీఎస్పీ ర్యాంకులో ఎవరన్న పూచీ రాసిస్తె హెడ్‌క్వార్టర్సోళ్లు ఆయనయి అన్ని కొట్టేస్తరు. ఆయన మంచోడైతె మీరు దానంతట అదే మంచోరైతరు."

ఆ రోజే చాచా బెంచీ మీద కూచుని డీఎస్పీ ఉత్తరం రాశాడు. సదరు వ్యక్తి తనకు స్వయముగా తెలిసినవాడనీ, సత్ప్రవర్తన గలవాడనీ. కుదరదన్నది వారం తిరక్కుండా కుదిరింది. మేమెవరం సస్పెండ్ కాలేదు. సస్పెన్షన్‌కు కారణం రాయాలంటే డీఎస్పీ బిస్కట్ ఫోటో జత చెయ్యాలి కదా.

ఫోటోలు మాత్రం ఆగలేదు. దానికి బదులు ఒక కొత్త ఉత్తర్వు వచ్చింది: చాయ్ తాగుచున్న వ్యక్తులను తనిఖీ చేయరాదు. ఈ సంగతి ఎట్లాగో రోడ్డుకు తెలిసిపోయింది. బారికేడ్ కనిపించగానే బండ్లు ముందు చాచా దగ్గర ఆగేవి. జనం చేతిలో గ్లాసుతో, ఒక్కో గుక్క తాగుతూ, మా ముందు నుంచి దర్జాగా దాటిపోయేవాళ్లు. ఈ దేశంలో పౌరహక్కులను నేను అంత దగ్గరగా, అంత వేడిగా చూసింది అప్పుడే.

పాస్‌పోర్టు గడువులోపలే వచ్చింది. ఇద్దరూ పోయివచ్చారు. మాకు అక్కడి జంజం బావి నీళ్లూ, ఖర్జూరాలూ తెచ్చారు.

"ఆడ ఎయిర్‌పోర్టుల గూడ ఫోటో తీసిండ్రు సాబ్," అన్నాడు చాచా. "నాది బోణికి మంచిదని చెప్పిన. ఆళ్లకు సమజ్ కాలె."

చాచీ అడిగిన ఫోటో కూడా ఇచ్చాం. కొట్టేసే ముందే కానిస్టేబుల్ మంచిదొకటి ఏరి, నాగర్‌కర్నూలులో పెద్దది చేయించి చట్రం కట్టించాడు. పాలు పొంగిన రోజుది. చాచా పకపకా నవ్వుతున్నాడు. కింద సన్నటి అక్షరాలతో 'పోలీసులను చూసి తత్తరపడుట' అని ఉండిపోయింది. చాచీకి తెలుగు చదవడం రాదు. చాచా ఇంతవరకు చెప్పలేదు.

నేను దిగిపోయి కొంతకాలమైంది. ఈ మధ్య శ్రీరంగాపూర్‌లో చుట్టాల ఇంటికి స్కూటీ మీద పోతుంటే దారిలో బారికేడ్లు. ఒక కొత్త కానిస్టేబుల్, మీలో ఎవరి తమ్ముడో అయివుంటాడు, నా ముఖానికి ఫోన్ ఎత్తాడు. ఫోన్ మా కాలం దానికంటే సన్నగా ఉంది.

"పెద్దమనిషీ, జర ఇటు చూడుండ్రి."

ఉద్యోగమంతా చేసి ఎన్నడూ అడగని మాట అడిగాను. "ఎందుకు నాయనా?"

అతను ఒక్క క్షణం ఆలోచించి ఫోన్ దించాడు. "సరే పోండ్రి," అన్నాడు. నా వెనక పాలక్యాన్ల బండి మీద ఉన్న మనిషిని చెయ్యి ఊపి పిలిచాడు. ఆ మనిషి ఏమీ అడగలేదు. అప్పటికే రుమాలు తీసి జుట్టు సర్దుకుంటున్నాడు.

నేను స్కూటీకి స్టాండు వేసి, పోయి అతని పక్కన నిలబడ్డాను.

"మీరు జరుగుండ్రి సార్, ఫోటోల పడ్తరు," అన్నాడు కానిస్టేబుల్.

"పర్వాలేదు," అన్నాను. "ఇద్దర్ని కలిపి తియ్యి."